నిరూపించాల్సింది ఎవరు?

పాలు కాచే ముందు ఒకసారి వాసన చూస్తాం. పప్పు పొయ్యి మీద పెట్టేముందు చేటలో పోసి చూస్తాం. నిన్నటి కూర మీద కాస్త అనుమానం వచ్చిందంటే పిల్లల కంచంలోకి పోనివ్వం. ఇదంతా మనకి ఎవరూ బళ్లో నేర్పలేదు. అమ్మ చేస్తుంటే చూసి నేర్చుకున్నాం. అంతేగాని, "ఈ పాలు విరిగాయని రుజువేదీ? ముందు పిల్లాడు తాగనీ, కడుపునొప్పి వస్తే అప్పుడు పారబోద్దాం" అని ఏ తల్లీ అనదు. అనుమానం ఉంటే చాలు, సింకులో పోసేస్తుంది. పోతే పోయింది ఒక అర లీటరు.

ఇంట్లో ఇంత మామూలుగా నడిచే ఈ న్యాయం గడప దాటి వీధిలోకి వెళ్లేసరికి తలకిందులైపోతుంది. అక్కడ ముందు తాగాలి, తర్వాత జబ్బు పడాలి, ఆ జబ్బు ఆ నీళ్ల వల్లే వచ్చిందని జబ్బు పడినవాళ్లే నిరూపించాలి. ఈ తలకిందులు వ్యవహారం గురించే ఈ వారం నాలుగు మాటలు మాట్లాడుకోవాలని ఉంది.

ముందు నా సొంత గొడవ ఒకటి చెప్తాను. నాలుగేళ్ల కిందట మా కాలనీ బోరు నీళ్లు రంగు మారాయి. రాత్రి బిందెలో పట్టి పెట్టుకుంటే తెల్లారేసరికి పసుప్పచ్చగా తిరిగి, పైన సన్నటి తెట్టు కట్టేది. అన్నం వండితే మెతుకు రంగు మారేది. అంట్లు తోమే మా నాగమ్మకి మోచేతుల దాకా దద్దుర్లు. మా వెనక సందులో ఇనప సామాన్లకి మెరుగు పెట్టే చిన్న కార్ఖానా ఒకటి ఉండేది. వాళ్లు వాడిన నీళ్లు గోడ వెనక గుంతలోకి వదుల్తున్నారని కాలనీలో తెలియనివాళ్లు లేరు. మగవాళ్లని కదిలిస్తే "మనకెందుకు, టాంకరు తెప్పించుకుందాం" అన్నారు. సరే, మేమే నలుగురం ఆడవాళ్లం చీరలు మార్చుకుని ఆఫీసుకి వెళ్లాం. అక్కడ ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, అంతా విన్నాడు. విని ఒకే ఒక్క మాటన్నాడు. "ఆ కార్ఖానా వల్లే అని మీ దగ్గర రుజువేమిటమ్మా?"

డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, ఇంట్లో మాటకి మాట అప్పజెప్తానని పేరు కూడా ఉంది. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. వచ్చే దారంతా ఆటోలో ఎవరం మాట్లాడుకోలేదు.

మా పక్కింటి పిన్నిగారు సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ అంది, "ఏడుస్తూ కూర్చుంటే రుజువులు పుడతాయా? రెండ్రోజులకోసారి ఒక సీసాడు నీళ్లు పట్టు. మూత బిగించి, మీద తేదీ రాసి పెట్టు." అటక మీద ఖాళీ హార్లిక్స్ సీసాలుంటే దింపాను. నెల తిరిగేసరికి వంటింటి కిటికీలో పన్నెండు సీసాలు వరసగా నిలబడ్డాయి. మొదటి సీసాకీ ఆఖరు సీసాకీ రంగులో తేడా కళ్లులేనివాడికి కూడా తెలుస్తుంది. అందులో రెండు పరీక్షకి పంపించాం. మిగతావి కూరల సంచీలో సర్దుకుని, ఇరవై ముగ్గురు ఆడవాళ్ల సంతకాలతో మళ్లీ వెళ్లి ఆ బల్ల మీదే పెట్టాం. ఈసారి జీపు కదిలింది. గుంత పూడ్చారు. ఏడాది తిరక్కుండా కార్ఖానా అక్కణ్ణుంచి లేచిపోయింది.

గెలిచామా అంటే గెలిచాం. కానీ ఆ నీళ్లు మాత్రం ఇంతవరకూ బాగుపడలేదు. ఈ రోజుకీ ఆ బోరు బట్టలకీ బాత్రూములకే. ఆ కార్ఖానా ఎవరి బోరు పక్కకి వెళ్లి కూచుందో కూడా నాకు తెలీదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా మా గెలుపు సగమే అనిపిస్తుంది.

ఒక చిన్న కాలనీకే ఇంత అయితే, ఊళ్లకి ఊళ్లు ఇదే ప్రశ్న ముందు నిలబడితే ఎలా ఉంటుంది? దానికి పటాన్‌చెరే సాక్ష్యం.

హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు మీద వెళ్తే ముప్ఫై కిలోమీటర్ల లోపే వస్తుంది పటాన్‌చెరు. 1970ల నుంచీ అక్కడా, పక్కన బొల్లారం, పాశమైలారంలలోనూ పారిశ్రామికవాడలు వెలిశాయి. మందుల ఫ్యాక్టరీలూ, రసాయనాల ఫ్యాక్టరీలూ వచ్చాయి. అవి వదిలిన నీళ్లు ఇసుకవాగులోకీ, అక్కణ్ణుంచి నక్కవాగులోకీ, నక్కవాగు మంజీరలోకీ, మంజీర గోదావరిలోకీ. వాగు పక్క ఊళ్లవాళ్ల పొలాలు చవుడు దేరాయి. బావులు పాడయ్యాయి. గొడ్లు ఆ నీళ్లు తాగి జబ్బుపడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల్ని చూసీ చూసీ, మందుచీటీ రాసి ఊరుకోవడం సరిపోదని రైతులతో కలిసి ఉద్యమంలోకి దిగారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో రిట్ వేసింది.

ఆ కేసు ప్రయాణం చూడండి. పంట నష్టం ఎంతో తేల్చమని సుప్రీంకోర్టు జిల్లా జడ్జికి అప్పగించింది. రైతులకి పరిహారం ఇమ్మంది. ఊళ్లకి మంచినీళ్లు ఇమ్మంది. 2001లో కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మారింది. 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి మారింది. తుది తీర్పు 2017లో వచ్చింది. ఇరవై ఏడేళ్లు! కేసు వేసిన ఏడు పుట్టిన ఆడపిల్ల పెరిగి పెద్దదై, పెళ్లయి, తన పిల్లని చంకనేసుకునే వయసు. ఆ పిల్ల చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందో ఏ తీర్పు వెనక్కి మార్చగలదు?

ఈ మధ్యలోనే, 2007లో, స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులో సుమారు తొంభై మందుల తయారీదార్ల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే కేంద్రం ఒకటుంది. అక్కడ శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లని వాళ్లు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకి సుమారు 45 కిలోల మందు ఆ నీళ్లలో కొట్టుకుపోతోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడేంత మందు అది! మనింట్లో మందుల డబ్బా తీస్తే కనబడే మాత్రే. ఇలా మందు నీళ్లల్లో కలిసిపోతే క్రిములు దానికి అలవాటు పడతాయి. రేపు నిజంగా అవసరమై డాక్టరు అదే మాత్ర రాస్తే పనిచెయ్యదు. వాగులో వదిలింది వాగులోనే ఉండిపోదు, తిరిగి తిరిగి మన పిల్లాడి జ్వరం దగ్గరికి వస్తుంది. పటాన్‌చెరు ఆ ఊళ్లవాళ్ల గొడవ మాత్రమే అనుకోవడానికి లేనిది అందుకే.

ఇప్పుడు అదే హైదరాబాదుకి మరోవైపు వెళ్దాం. 1908లో మూసీకి వరదొచ్చి నగరం తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి వరద మళ్లీ రాకుండానూ, నగరానికి తాగునీటికీ పనికొచ్చేలానూ రెండు పెద్ద జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్లు ఒక్కసారి తాగినవాళ్లు హైదరాబాదు వదిలిపెట్టరని పెద్దవాళ్లు అంటూంటారు.

ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల పరిధిలో, కాలుష్యం కలిగించే పరిశ్రమలూ, పెద్ద హోటళ్లూ, నివాస కాలనీలూ రాకూడదని 1996 మార్చిలో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. ఆముదం నుంచి రసాయన పదార్థాలు తయారుచేసే ఒక కంపెనీ ఆ హద్దు లోపలే ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. కంపెనీ అప్పీలుకి వెళ్లి గెలిచింది. ప్రభుత్వం కూడా, తను గీసిన గీత తనే చెరిపి, ఆ ఒక్క కంపెనీకి 1997లో మినహాయింపు ఇచ్చింది. హైకోర్టులోనూ కంపెనీ పక్షానే తీర్పు వచ్చింది. మండలి సుప్రీంకోర్టుకి వెళ్లింది. అదే 'ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు' కేసు.

1999 జనవరిలో దానిమీద తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాథరావు. ఆ తీర్పులో ముఖ్యమైన ముక్క మన వంటింటి భాషలో చెప్పాలంటే ఇదీ: ఉన్న పరిస్థితిని మార్చదల్చుకున్నవాడే, దానివల్ల హాని లేదని నిరూపించుకోవాలి. చెడుతుందని చెరువు చుట్టూ ఉన్నవాళ్లు నిరూపించక్కర్లేదు. సైన్సు ఇంకా తేల్చిచెప్పలేని చోట జాగ్రత్త వైపే మొగ్గు చూపాలి. పాలు వాసన చూసే తల్లి న్యాయమే గదా ఇది!

తర్వాత శాస్త్రజ్ఞుల నివేదికలు తెప్పించుకుని, 2000 డిసెంబరులో కోర్టు ఆఖరి మాట చెప్పింది. అక్కడ ఫ్యాక్టరీ కుదరదు. ప్రభుత్వమిచ్చిన మినహాయింపు చెల్లదు. మంచినీళ్లు దొరకడం మనిషి జీవించే హక్కులో భాగం. ప్రమాదం జరగలేదు కాబట్టి ఈ తీర్పు వల్ల ఫలానా మనిషి బతికిందని మనం చూపించలేం. ముందుజాగ్రత్తకి ఉన్న చిక్కు అదే. రాని జబ్బుకి లెక్కలుండవు, దండలు పడవు. అందుకే దాన్ని తేలిగ్గా మర్చిపోతాం.

ఆ తీర్పు వల్ల ఇంకో మేలూ జరిగింది. ఇలాంటి కేసులు తేల్చడానికి జడ్జీలతోపాటు సైన్సు తెలిసినవాళ్లు కూడా కూర్చునే ప్రత్యేక కోర్టులుండాలని అందులో సూచించారు. తర్వాత జగన్నాథరావుగారే లా కమిషన్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు 2003లో 186వ నివేదిక అదే చెప్పింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ముందుజాగ్రత్త సూత్రమూ, పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రమూ పాటించి తీర్పు చెప్పాలని ఆ చట్టంలోనే రాశారు. దేశమంతటికీ పనికొచ్చిన ఆ ఆలోచనకి మన గండిపేట నీళ్లు కూడా కారణమంటే గర్వంగానే ఉంటుంది.

అయితే ఇక్కడ రెండో పక్క కూడా వినాలి. నిజం చెప్పాలంటే నేను కూడా చాలాకాలం వినలేదు. ఆ 84 గ్రామాల్లో ఒక ఊరి నుంచి మా కాలనీకి ఆకుకూరలు తెచ్చే ఒకావిడ అడిగింది, "మీరు తాగే నీళ్లకి మా భూములు కట్టేస్తే ఎట్లమ్మా? పక్కూళ్ల ధర జూడు, మా ధర జూడు. ఆడపిల్ల పెండ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేటోడు లేడు." ఆవిడ మాటలో తప్పేముంది? నగరం నీళ్లు తాగింది, దాని ఖరీదు ఆ ఊళ్లు కట్టాయి. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లే ప్రధానం, ఆ రెండు చెరువుల వాటా చాలా తగ్గిపోయింది. ఈ వాదనతోనే 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ 69 నంబరు జీవో ఇచ్చింది. దానిమీదా వ్యాజ్యాలు పడ్డాయి.

నా మటుకు నాకు తోచేదేమంటే, ఆ అమ్మ కష్టానికి మందు చెరువుని వదులుకోవడం కాదు. చెరువు కాపాడినందుకు ఆ ఊళ్లకి నగరమే ఏదో రూపంలో బాకీ తీర్చాలి. మనం కట్టే నీళ్ల బిల్లులో నాలుగు రూపాయలు పెరిగినా సరే. భూమి ఇవాళ అమ్ముకుంటే ఒక్కసారే డబ్బు. చెరువు పాడైతే మాత్రం ఎప్పటికీ నీళ్లుండవు. ఎక్కడో దూరం నుంచి పైపుల్లో వచ్చే నీళ్లని నమ్ముకుని ఇంటి ముందున్న బావి పూడ్చుకునేవాళ్లని ఏమంటాం?

ఉద్యోగాల మాట కూడా వస్తుంది. ఫ్యాక్టరీలొద్దంటే మన పిల్లలకి పనులెక్కణ్ణుంచి వస్తాయని మా వారే అంటారు. ఫ్యాక్టరీలొద్దని ఎవరన్నారు? వ్యర్థజలాల్ని శుద్ధి చెయ్యడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు వాళ్లు పెట్టకపోతే, అది ఎక్కడికీ పోదు. వాగు పక్కనున్నవాళ్ల ఆస్పత్రి బిల్లుగా మారుతుంది, టాంకరు బిల్లుగా మారుతుంది, బిందె పట్టుకుని ఇంకో కిలోమీటరు నడిచే ఆడదాని నడుంనొప్పిగా మారుతుంది. వాళ్ల చౌకదనానికి మనం డబ్బు కడుతున్నామన్నమాట.

చట్టం కూడా ఈమధ్య కాస్త మెత్తబడింది. భోపాల్ విషవాయువు తర్వాత, 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకి ఐదేళ్ల దాకా జైలు అని ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టం ఆ జైలు తీసేసి, పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా పెట్టింది. ఆ జరిమానా కట్టకపోతేనే ఇక జైలు మాట. పాత చట్టం కింద మాత్రం ఎంతమంది జైలుకెళ్లారు గనక అంటారు కొందరు. అదీ నిజమే. కానీ కోట్ల వ్యాపారానికి పదిహేను లక్షలు ఒక లెక్కా? ముందే లెక్కలో వేసుకుని పక్కన పెట్టుకునే ఖర్చు అయిపోదూ? జరిమానా అనేది శుద్ధి చేసే ఖర్చు కంటే తక్కువగా ఉన్నంతకాలం తప్పు చెయ్యడమే లాభం. ఈ మాట మన ఎంపీలని మనం అడగాలి.

సరే, మనబోటివాళ్లం ఏం చెయ్యగలం? కోర్టంటే భయం, లాయరంటే ఖర్చు. అయినా కొన్ని సంగతులు తెలిసి ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

మొదటిది, తేదీ. హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే సమస్య మొదలైన ఆరు నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు గడువిస్తారు. నష్టపరిహారం కోసమైతే ఐదేళ్లు. "ఎప్పట్నుంచో ఉందండీ" అంటే కుదరదు. ఏ రోజు నీళ్లు రంగు మారాయో, ఏ రోజు వాసనేసిందో పాల లెక్క రాసుకునే కేలెండరు మీదే రాసిపెట్టండి. మా పిన్నిగారి సీసాల విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండోది, ఖర్చు. పరిహారం అడగని దరఖాస్తుకి ట్రిబ్యునల్ ఫీజు వెయ్యి రూపాయలు. లాయరు లేకుండా మనమే వెళ్లి మాట్లాడుకోవచ్చు కూడా. లాయరు కావాలంటే 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఉచిత న్యాయసహాయం ఉంది. ఆదాయంతో నిమిత్తం లేదు. ఆడదయితే చాలు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, వెళ్లి అడగండి.

మూడోది, కాగితం. ఏ ఫ్యాక్టరీకి ఏ షరతులతో అనుమతి ఇచ్చారో సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. ముప్ఫై రోజుల్లో చెప్పాలి. షరతు ఒకటుండి, వాళ్లు చేసేది ఇంకోటయితే, అదే మీ రుజువు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పెద్ద పరిశ్రమలు చాలావాటికి అనుమతి ఇచ్చే ముందు 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ముప్ఫై రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. స్థానిక భాషలో సారాంశం అందుబాటులో ఉంచాలి. ఆ ప్రకటన సాధారణంగా ఎవరూ చదవని మూల చిన్న అక్షరాల్లో పడుతుంది. ఆ రోజు షామియానా కింద ముందు వరసలన్నీ మగవాళ్లే ఉంటారు, ఆడవాళ్లు వెనక నిలబడి వింటారు. రోజూ నీళ్లు మోసేదీ, ఆ నీళ్లతో వండేదీ, జబ్బుచేస్తే రాత్రంతా మేలుకునేదీ మనం. మైకు మన చేతికి రావొద్దూ? వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లండి. వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి.

నాలుగేళ్ల కిందట ఆ ఆఫీసులో నన్నడిగిన ప్రశ్నే. కాకపోతే దాన్ని తిప్పి అడగండి. "మా నీళ్లు పాడుకావని మీ దగ్గర రుజువేమిటండీ?"

జవాబు చెప్పాల్సింది వాళ్లు. చెప్పేదాకా మనం లేవకపోతే చాలు.